‘మన’ మీద విచారణ

హోటల్ గది,
సముద్రం వైపు కిటికీ దగ్గర.

వదినకి,

చేరాను, క్షేమం. నువ్వు భయపడ్డట్టు నాకెవరూ సంకెళ్ళు వెయ్యలేదు. ఓడ దిగుతుంటే రేవులో బ్యాండు మోగింది. వెనకాల ఎవరో పెద్దమనిషి దిగుతున్నాడు కాబోలని పక్కకి తప్పుకుని దారిచ్చాను. తిరిగి చూస్తే నా పెట్టె తప్ప ఏమీ లేదు. ఆ వాయిద్యాలన్నీ నా ఒక్కదానికే. ఈ వయసులో, ఈ మోకాళ్ళతో ఇంత మర్యాద తట్టుకోవడం కష్టమే గాని, సంతోషంగానే ఉంది.

లోకంలో ఇన్ని దేశాలుండగా తలుపులు బిగించుకు కూర్చున్న దేశమే దొరికిందా అని అన్నయ్య గొణిగాడు కదా. అసలు కారణం అన్నయ్యకి చెప్పలేదు, నీకు చెబుతున్నాను. పేపర్లో వీళ్ళ ప్రకటన పడింది, తెలుగులో. ‘పర్యాటకులకు హృదయపూర్వక స్వగతం’ అని. స్వాగతంలో దీర్ఘం ఎగిరిపోయింది. రిటైరయ్యేదాకా స్కూలు పుస్తకాల ప్రెస్సులో ప్రూఫులు దిద్దినదాన్ని, దీర్ఘం పోతే నాకు పంటికింద రాయి పడ్డట్టుంటుంది. ఈసారి మాత్రం నవ్వొచ్చింది. ఎవరితోనూ పలక్కుండా తనలో తాను మాట్లాడుకునే దేశం, పేపర్లో కూడా ఆ మాటే వేయించుకుంది. ఆ దీర్ఘం మింగినవాణ్ణి ఒక్కసారి చూడాలనిపించింది.

చూశాను. దిగిన రోజే దొరికాడు. నా గైడే ఆయన. ముప్ఫై ఏళ్ళుంటాయి, సన్నగా, మెడదాకా గుండీలు పెట్టుకుని ఉంటాడు. నన్ను చూడగానే వంగి, “తమరి ప్రయాణము సుఖముగా జరిగినదా? మేము మిక్కిలి సంతసించుచున్నాము” అన్నాడు. ఎంతమంది సంతసిస్తున్నారా అని చుట్టూ చూశాను. ఆయన ఒక్కడే. ఆయన తెలుగంతా పుస్తకాల్లోంచి వచ్చింది, తెలుగు మనిషిని చూడటం ఇదే మొదలు. నేను ఆయనకి ‘తమరు’ అని పేరు పెట్టాను.

ఇక్కడ తమరు లేకుండా గుమ్మం దాటకూడదు. సగం కట్టిన మేడల్ని ఫోటో తీయకూడదు. చూడమన్నవి చూడాలి. నాలుగు నెలలకి తక్కువైతే ఎవర్నీ రానివ్వరు. ఒక మనిషిని లోపలికి రానివ్వడానికి వీళ్ళు పడే అవస్థకి, నాలుగు రోజుల్లో పంపించేస్తే గిట్టుబాటు కాదట. గదిలో ఒక రేడియో ఉంది. గొంతు తగ్గించొచ్చు గాని నోరు మూయించలేం. అచ్చం అన్నయ్యే.

ఇంకో సంగతి. వచ్చే ఉత్తరాలు, పోయే ఉత్తరాలు వీళ్ళు చదువుతారు. తెలుగు చదవగలిగేది తమరు గనక, ఆయనే చదివి వాళ్ళ భాషలోకి మార్చి ఆఫీసుకి ఇస్తాడు. అబద్ధం ఆడటం రాని మనిషి, ఉన్నదున్నట్టు మారుస్తాడు. అందుకని నీ కలానికి కాస్త కళ్ళెం వెయ్యి. వెయ్యవని తెలుసు, చెప్పడం నా ధర్మం.

నీ ఆడబిడ్డ


ఇంట్లో, కుట్టుమిషను ముందు.

ఆడబిడ్డగారికి,

నీ మొహం మండ, బ్యాండు సంగతి ఇంత పొడుగున రాశావు గాని తిన్నావో లేదో ఒక్క ముక్క రాయలేదు. మోకాళ్ళ నూనె పెట్టెలో పెట్టుకున్నావా అని బయల్దేరేటప్పుడు అడిగితే గాడిద గుడ్డు అన్నావు. ఆ సీసా ఇక్కడే అలమారులో నన్ను చూసి నవ్వుతోంది.

ఇక్కడ కొంప మునిగింది. స్కూళ్ళు తెరవబోతున్నారు, యూనిఫాముల ఆర్డరు నెత్తిన ఉంది. కొట్టువాడు నీలం గుడ్డకి బదులు ఆకుపచ్చది పంపాడు. మీ అన్నయ్య విప్పి చూడకుండా దించుకున్నారు. ఆ తర్వాత ఆయనే, ‘ఆకుపచ్చ కూడా కంటికి చలవే కదా’ అన్నారు. కత్తెర చేతిలో ఉన్నప్పుడు ఇలాంటి మాటలు మాట్లాడకూడదని పెళ్ళయిన ఇన్నేళ్ళకీ ఆయనకి తెలియలేదు.

పైకి చెప్పరు గాని ఆయనకి నువ్వు లేక తోచడం లేదు. రోజూ నీ గదిలోకి వెళ్ళి, కదలని కుర్చీని సర్ది వస్తున్నారు. మధ్యాహ్నం మిషను ఆపినప్పుడు నాకూ ఇల్లు బోసిపోయినట్టుంది. నా మాటల్లో తప్పులు పట్టేవాళ్ళు లేక నోరు తుప్పు పట్టిపోతోంది.

అక్కడ మాత్రం ఎవరి తప్పులూ దిద్దకు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నారు. నీ దుంప తెగ, మనసు మాత్రం ఇక్కడ పెట్టుకోకుండా హాయిగా చూసి రా.

వదిన


హోటల్ గది,
సముద్రం వైపు కిటికీ దగ్గర.

వదినకి,

నీ ఉత్తరం నన్ను చేరేసరికి సగం ప్రాణం పోయింది. నాది కాదు, తమరుది.

పొద్దున్న కాఫీ దగ్గరికి నీ ఉత్తరం, ఇటుకంత నిఘంటువు, ఉబ్బిన కళ్ళూ వేసుకుని వచ్చాడు. “తమరి ముఖము మండవలెనని వదినగారు కోరుచున్నారు. ఇది బెదిరింపగునా?” అన్నాడు. కాదు బాబూ, ప్రేమ అన్నాను. రాసుకున్నాడు. తర్వాత, “గార్దభము అండము పెట్టునా?” అన్నాడు. పెట్టదు, అందుకే అంటాం అన్నాను. అదీ రాసుకున్నాడు. దుంప దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాం. ఏ దుంప, ఎవరి దుంప, అది తెగితే తమరికి నష్టమా లాభమా అని అడుగుతాడు. మా వదిన నా దుంప తెగాలని కోరుకోని రోజు నాకు జ్వరం వచ్చిందని అర్థం అని చెప్పాను. బిక్కమొహం వేసి, “మీ ప్రేమ మిక్కిలి భయంకరము” అన్నాడు.

కొంప మునిగింది అన్నచోట ఆయనకి సందేహమే రాలేదు. నన్ను అడక్కుండానే వరదలు వచ్చి ఇల్లు మునిగిందని ఆఫీసుకి రాసిచ్చేశాడు. నాకు తెలిసేసరికి ఆలస్యమైంది. పర్యాటక శాఖ నుంచి మీకేదో వస్తుంది. కంగారు పడకండి, మర్యాదగా దాచుకోండి.

ఇక్కడ నాకు హాయిగా ఉందని రాస్తే నమ్ముతావా? మొన్న పార్కులో నా వయసు ఆడవాళ్ళు చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడుతున్నారు. ఒకావిడ చెయ్యి చాచింది. “కార్యక్రమమున ఇది లేదు” అని తమరు అంటూనే ఉన్నాడు, నేను గుండ్రంలో కలిసిపోయాను. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకి రాదు. మోకాళ్ళ మీద చెయ్యి వేసుకుని ఇద్దరం ఒకేసారి మూలిగేసరికి నవ్వు ఆగలేదు. అలా మూలిగే చోటల్లా మనవాళ్ళే అనుకున్నాను.

తమరుకి తెలుగు చెప్పిన మాస్టారు ఒకాయన ఉన్నారు. చిన్నప్పుడెప్పుడో ఆయనకి రేవు గోదాములో ఒక చెక్కపెట్టె దొరికింది. అందులో ఒక వ్యాకరణం, ఒక నిఘంటువు, కొన్ని వాచకాలు. ఆయన తెలుగంతా ఆ పెట్టెలోదే. దేశంలో తెలుగు బోర్డులన్నీ రాసింది ఆయనే. తెలుగు శాఖ ఉంది గనక ఆయనకి గది ఉంది, భత్యం ఉంది. శాఖ ఉంది గాని ఇన్నేళ్ళలో తెలుగు మనిషి ఒక్కరూ రాలేదు. నేనే మొదటిదాన్ని. పాపం, తెలుగువాళ్ళ నోట తెలుగు ఆయన ఒక్కసారీ వినలేదు.

ఆయన్ని చూస్తానన్నాను. “గృహములకు వెళ్ళుట నిషిద్ధము” అన్నాడు తమరు, చాలా బాధగా. కానీ రోజూ సాయంత్రం ఆయన దగ్గరికెళ్ళి నా మాటలు అప్పజెబుతాడట, నేను సాగదీసినట్టే సాగదీసి. నిన్న మాస్టారికి ‘అమ్మయ్య’ పంపించాను. నిఘంటువులో లేదట ఆ మాట. కూర్చుంటూ ఒకసారి, లేస్తూ ఒకసారి అంటున్నారట. ఇవాళ ‘అబ్బే’ పంపుతున్నాను.

నీ ఆడబిడ్డ


ఇంట్లో, కుట్టుమిషను ముందు.

ఆడబిడ్డగారికి,

వచ్చింది. దళసరి కార్డు, నాలుగు ముద్రలు. ‘తమ గృహ నిమజ్జన వార్త విని మేము మిక్కిలి చింతించుచున్నాము.’ పోస్టుమ్యాను చదివి, పొడిగా ఉన్న మన గోడల వంక, నా వంక చూసి జాలిపడ్డాడు. మీ అన్నయ్య దానికి అద్దం కట్టించి హాల్లో తగిలించారు. మన ఇంటికి ఒక ప్రభుత్వం చింతించడం ఇదే మొదటిసారట.

గైడు బాబూ, ముందు చదివేది నువ్వే గనక నీకు రెండు ముక్కలు. మా ఆడబిడ్డ నోటికి జడవకు. అరిచేది ఆకలేసినప్పుడే. టైముకి ఏదైనా పెడితే గంగిగోవు. నిన్ను తిప్పలు పెట్టినందుకు ఆవిడ తరఫున నేను చెంపలేసుకుంటున్నాను. చెంపలేసుకోవడమంటే ఎవరినీ కొట్టడం కాదు, కంగారు పడి పై ఆఫీసుకి రాయకు.

ఆకుపచ్చ గుడ్డ వెనక్కి పోయింది, నీలం వచ్చింది. మాస్టారికి నా తరఫున ‘ఛీ పాడు’ పంపించు. ఎన్నిరకాలుగా అనొచ్చో నువ్వే పలికి చూపించు.

వదిన


హోటల్ గది.

వదినా,

ఈసారి నిజంగానే కొంప మునిగింది. మనది కాదు, మాస్టారిది. ముంచింది నేను.

రైళ్ళ మ్యూజియానికి తీసుకెళ్ళారు. పాత ఇంజన్లకి కొత్త రంగులేసి, పట్టాల మధ్య గడ్డి కూడా దువ్వి పెట్టారు. ఆ రోజు మాతో ఒక పెద్ద అధికారి వచ్చాడు, బూడిదరంగు కోటు. గుమ్మం మీద అన్ని భాషల కిందా కొత్తగా తెలుగు వరస ఒకటి, నాకోసమే రాయించారు. ‘మన దేశానికి స్వాగతం. మన రైళ్ళను చూడండి.’ గుండ్రటి అక్షరాలు, ఎంత అందంగా ఉన్నాయో. ఎలా ఉందని బూడిద కోటు అడిగించాడు. బాగుందని ఊరుకుంటే నా సొమ్మేం పోయేది? “దీర్ఘం సరిగ్గా పడింది. కానీ ‘మా దేశం’ అనబోయి ‘మన దేశం’ అన్నారు. ఈ లెక్కన ఈ దేశం నాది కూడా” అన్నాను నవ్వుతూ.

తమరు అలవాటుగా మార్చి చెప్పేశాడు. చెప్పాక గాని ఏం చెప్పాడో ఆయనకి తెలియలేదు. బూడిద కోటు నవ్వలేదు. ఆ సాయంత్రానికే బోర్డుకి గుడ్డ కప్పేశారు.

ఇక్కడ ఒక బయటిమనిషితో దేశం నీది కూడా అనడం చిన్న సంగతి కాదట. నెలాఖరుకి విచారణ పెట్టారు. మాట తప్పని తేలితే తెలుగు శాఖ మూసేస్తారు. మాస్టారి గది, భత్యం పోతాయి. ఆ వయసులో ఆయన్ని ఎక్కడో కొండల అవతలికి పంపుతారు. తమరు సున్నం ఫ్యాక్టరీకి. తేల్చవలసింది నేనే. వాళ్ళిద్దరూ, నేనూ తప్ప తెలుగు తెలిసిన మనిషి ఈ దేశంలో లేరు.

తప్పు కాదని అనేయొచ్చు. అంటే, మరి ఆ రోజు ఎందుకలా అన్నావని అడుగుతారు. నేనలా అనలేదంటే తమరు తప్పుగా మార్చాడని ఆయన మీద పడతారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. జీవితమంతా ఒక్క తప్పు కూడా దాటనివ్వలేదని గర్వపడ్డాను. ఇప్పుడు ఆ గర్వం తీసి సముద్రంలో పారేయాలనుంది.

తమరు ఈ ఉత్తరం కూడా ఉన్నదున్నట్టు మార్చి ఇస్తానన్నాడు, అది ఆయన పనట. మాస్టారు మాత్రం, నా నవ్వు ఎలా ఉందో పలికి చూపించమని అడిగారట. నాకు అన్నం సహించడం లేదు.

నీ ఆడబిడ్డ


ఇంట్లో.

అమ్మాయ్,

ముందు తిను. ఖాళీ కడుపుతో నువ్వు ఎన్నడూ ఒక మంచి మాట అన్న పాపాన పోలేదు.

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. మధ్యలో లేచి వెళ్ళి నీ కుర్చీ సర్ది వచ్చారు. ఆయనకీ నాకూ ఒకటే అర్థం కావడం లేదు. ఆ బోర్డులో తప్పేముంది? ఎవరొచ్చినా ‘రండి, మన ఇల్లే అనుకోండి’ అనే కదా అంటాం. కొలతలివ్వడానికి వచ్చిన ముక్కూమొహం తెలియనివాళ్ళతో నేను ‘మన షాపులో ఇంత తక్కువకి ఎవరూ కుట్టరు’ అంటాను. ఒక్కళ్ళైనా వాటా అడిగారా?

నేను ఈ ఇంటికి వచ్చిన రోజు గుర్తుందా? నేను గుమ్మంలో నిలబడితే నువ్వు పెద్ద ఆరిందలా వచ్చి, ‘ఇది మా ఇల్లు, ఇది మా వంటగది, అది మా పెరడు’ అని చూపించావు. అత్తయ్య వెనకనుంచి వచ్చి నీ నెత్తిన ఒక మొట్టికాయ వేసి, ‘మన ఇల్లు అనవే’ అన్నారు. నువ్వు ఏడుపు మొహంతో మళ్ళీ మొదట్నుంచీ తిప్పావు. ‘ఇది మన ఇల్లు, ఇది మన వంటగది.’ ఆ మాటకి నాకు ఎంత ధైర్యం వచ్చిందో నీకెప్పుడూ చెప్పలేదు. అప్పటిదాకా నా పెట్టె ఎక్కడ దించాలో తెలియక చేత్తోనే పట్టుకుని ఉన్నాను. నువ్వు ‘మన’ అన్నాక దించాను.

నాకు విచారణలూ అవీ తెలియవు. ఆ పెద్దాయన నిన్ను గుమ్మంలోనే ‘మన’ అని పిలిచాడు. అలా పిలిచినవాణ్ణి ఒంటరిగా వదిలేసి వచ్చావంటే మాత్రం ఇంటి తలుపు తియ్యను.

గైడు బాబూ, ఇది కూడా ఉన్నదున్నట్టే మార్చు. ఒక్క అక్షరం వదిలినా ఊరుకోను.

వదిన


హోటల్ గది,
కిటికీ బార్లా తెరిచి.

వదినా, వదినా,

గెలిచాం. ముందు అది చెప్పి, తర్వాత ఊపిరి పీల్చుకుంటాను.

నీ ఉత్తరం విచారణకి ముందురోజు ఓడలో వచ్చింది. తమరు దాన్ని రెండు చేతులతో పట్టుకుని మెట్లన్నీ పరిగెత్తుకుంటూ ఎక్కి వచ్చాడు. మెడ గుండీ ఊడి ఉంది. “తమరి వదినగారు మనలను రక్షించితిరి” అన్నాడు. మేము పోయి మనం వచ్చిందని ఆయన గమనించలేదు. నేను గమనించాను, దిద్దలేదు.

పెద్ద గది, పొడుగు బల్ల. ఒకవైపు బూడిద కోట్లు, చివర ఒక ముసలాయన. తెల్లటి జుట్టు, చేతివేళ్ళకి ఆరిపోయిన రంగు. మాస్టారే. పలకరించకూడదన్నారు. నేను చేతులు జోడించాను, ఆయన జోడించారు. నేను నోరు విప్పగానే ఆయన కళ్ళు మూసుకున్నారు, వదినా. ఎంతసేపు మాట్లాడితే అంతసేపు వింటారని తెలిసి, ఒక వాక్యంలో అయ్యేదాన్ని నాలుగు వాక్యాలు చేశాను.

మా తెలుగులో రెండు మాటలున్నాయని మొదలుపెట్టాను. ఎదుటివాణ్ణి వదిలేసి చెబితే ‘మా’, కలుపుకుని చెబితే ‘మన’. తమరు మార్చడం మొదలెట్టి మధ్యలో ఆగి చెమటలు తుడుచుకున్నాడు. వాళ్ళ భాషలో రెండింటికీ ఒకటే మాటట. బల్ల అవతల వాళ్ళకి వినబడింది ఏమిటంటే, ‘మా అని కాదండీ, మా అని.’ తేడా ఏమిటని అడిగారు. మళ్ళీ చెప్పాడు. ‘మా వేరు, మా వేరు.’ ఒకాయన కలం కింద పెట్టేశాడు.

అప్పుడు నీ కథ చెప్పాను. గుమ్మం, నీ పెట్టె, నా నెత్తిన పడ్డ మొట్టికాయ, అన్నీ. అమ్మ లేకపోతే ఆ రోజు నేను తప్పే మాట్లాడి ఉండేదాన్నని, ఈ దేశంలో మళ్ళీ అదే తప్పు చేశానని చెప్పాను. బోర్డు ఒప్పు, దాన్ని చూసి నవ్విన నాదే తప్పు. ఆ రోజు నా మాట తమరు సరిగ్గానే మార్చాడు, మాటే సరిగ్గా లేదు. కల్పించిన కథ కాదని, వాళ్ళ ఆఫీసే చదివి ముద్ర వేసిన ఉత్తరాన్ని బల్లమీద పెట్టాను. వాళ్ళ ముద్రని వాళ్ళు కాదనలేరు.

బూడిద కోటు ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పి చూసి అడిగాడు. “అలా అన్నందుకు ఆ వచ్చినామె ఇల్లు పట్టుకుపోలేదా?”

“లేదండీ. ఇల్లే ఆవిడ నెత్తిన పడింది. ఇప్పటికీ మొయ్యలేక మోస్తోంది” అన్నాను.

తమరు మార్చాడు. తర్వాత బూడిద కోటు భుజాలు కదిలాయి. ఆయనకీ పెళ్ళయినట్టుంది. నవ్వు పెద్దదై, పక్కవాళ్ళకి అంటుకుని, చివరికి బల్లమీద గ్లాసులు కూడా గలగలలాడాయి. ‘మన’ అంటే ఆస్తిలో వాటా కాదు, పనిలో వాటా అని రాసుకున్నారు. మాట ఒప్పని తీర్పు చెప్పారు. మాస్టారి గది మాస్టారిదే. తమరు సున్నం తొక్కక్కర్లేదు.

అక్కడితో అయిపోతే ఇది ఈ దేశం ఎందుకవుతుంది? అందరూ లేస్తుంటే బూడిద కోటుకి ఒక సందేహం వచ్చింది. ఈ బోర్డు ఒప్పైతే, ‘మా’ అని ఉన్న మిగతా తెలుగు బోర్డులన్నీ తప్పే కదా అన్నాడు. దేశంలో ఒక్క తప్పు బోర్డు కూడా ఉండకూడదని అప్పటికప్పుడు ఉత్తర్వు వేశాడు. దిద్దేది మాస్టారు, నిచ్చెన మోసేది తమరు, సరిచూసేది నేను. నాకు మళ్ళీ ఉద్యోగం వచ్చింది వదినా, జీతం లేకుండా.

పొద్దున్నే ముగ్గురం ట్రక్కు ఎక్కుతున్నాం. పర్యాటకులు అడుగుపెట్టని ఊళ్ళన్నీ తిరుగుతున్నాం. మన వంతెన, మన పాలకేంద్రం, మన నక్షత్రశాల. మాస్టారు రంగు వేస్తూ మాట్లాడించమంటారు. ఏదో ఒకటి మాట్లాడుతుంటాను, ఎక్కువగా నీమీద చాడీలే. నిన్న ఒక చెరువు దగ్గర రంగు ఒలికిపోతే ఆయన “ఛీ పాడు” అన్నారు. ఎంత ముద్దుగా అన్నారనుకున్నావు.

నీ ఆడబిడ్డ

(వదినగారికి నమస్కారములు. ఈ లేఖను మేము ఉన్నదున్నట్లు తర్జుమా చేసితిమి. ‘ముద్దుగా’ అను మాట వద్ద మాత్రము కొంత సిగ్గుపడితిమి. మీ దుంప తెగ. మిక్కిలి ప్రేమతో, తమరు.)


ఓడ మీద.

వదినా,

బయల్దేరాను. ఈ ఉత్తరం మధ్యలో ఆగే రేవులో పోస్టు చేస్తాను, ఓడ అక్కడ చాలా రోజులు బొగ్గు నింపుకుంటుంది గనక నాకంటే ముందే నిన్ను చేరుతుంది. దీన్ని చదివేది నువ్వొక్కదానివే. అలవాటు తప్పిందేమో, ఎవరూ చదవకపోతే రాసినట్టే లేదు.

తమరు రేవుదాకా వచ్చాడు. ఏదో పెద్ద వాక్యం తయారుచేసుకుని వచ్చినట్టున్నాడు. గ్రాంథికం మధ్యలో దారి తప్పి, “జాగ్రత్తగా వెళ్ళండమ్మా” అని మామూలుగా అనేశాడు. ఇంకా తెలుగువాళ్ళని ఎవరినైనా పంపించమన్నాడు. అన్నయ్యని పంపుతానన్నాను, నువ్వూ రెండు రోజులు ఊపిరి పీల్చుకుంటావు.

అక్కడుండగా నీకు ఒకటి రాయలేదు. తమరు చదివితే ఉన్నదున్నట్టు మార్చి ఇచ్చేస్తాడని భయపడి ఆపాను. అందరికంటే ఆఖరున రేవు బోర్డు దిద్దాం. రంగు చిక్కబడితే తమరు నూనె తేవడానికి వెళ్ళాడు. మాస్టారు నిచ్చెన మీద ఉన్నారు, నేను కింద పట్టుకుని నిలబడ్డాను. ఇద్దరమే ఉండటం అదొక్కసారే. నా బుద్ధి ఎక్కడికి పోతుంది? ఉండబట్టలేక అన్నాను. “మాస్టారూ, గెలిస్తే గెలిచాం గాని, మ్యూజియం బోర్డు మీద మీ చెయ్యి పొరపాటు పడింది. మీరు రాయబోయింది ‘మా’నే కదా?”

ఆయన కుంచె ఆపలేదు. “పొరపాటు కాదు తల్లీ. తెలిసే రాశాను” అన్నారు. పుస్తకాల తెలుగు కాదు, మన ఇంట్లో మాట్లాడుకునే తెలుగు. నా మాటలన్నీ పోగుచేసుకుని నేర్చుకున్నది.

నేను నిచ్చెన ఇంకా గట్టిగా పట్టుకున్నాను. ఆయనే చెప్పారు. “ఆ మాట మా భాషలో లేదు. మీ వ్యాకరణంలో చూసేటప్పటికి నాకు మీసాలు కూడా రాలేదు. ఒక్కసారి ఎవరితోనైనా అనాలని అప్పట్నుంచీ కాచుకుని ఉన్నాను. ఎవరూ రాలేదు. ఇన్నాళ్ళకి నువ్వొస్తున్నావన్నారు. నిన్ను కలవనివ్వరని తెలుసు. అందుకని గుమ్మం మీద రాశాను.”

“ఎంత ముప్పో తెలియదా?” అన్నాను.

“చదివి ఆ తేడా పట్టగలిగినదానివి నువ్వొక్కదానివే కదా. చదువుకుని, నీలో నువ్వు సంతోషించి వెళ్ళిపోతావనుకున్నాను” అని నావైపు తిరిగి, నవ్వు ఆపుకుంటూ అన్నారు. “ప్రూఫులు దిద్దే మనిషిని పంపుతారని నేనేమైనా కలగన్నానా?”

నేను నిచ్చెన వదిలేయకుండా ఏడ్చాను, వదినా, ఏడుస్తూనే నవ్వాను. పైనుంచి ఆయనా నవ్వుతుంటే నిచ్చెన ఊగింది, రంగు బొట్లు నా జుట్టులో పడ్డాయి. నూనె తెచ్చిన తమరు మా ఇద్దరినీ చూసి ఏమైందని అడిగాడు. ఏమీ లేదు బాబూ, నిచ్చెన కదిలింది అన్నాను. రాసుకున్నాడు.

ఇది ఎవరికీ చెప్పకు. అన్నయ్యకి మాత్రం చెప్పు, లేకపోతే నీ కడుపు ఉబ్బిపోతుంది. జుట్టులో రంగు ఇంకా పోలేదు. పోగొట్టే మందు నీ దగ్గర ఉంటుంది గాని, నేనొచ్చాక వెయ్యకు, కొన్నాళ్ళు ఉండనీ.

నీ ఆడబిడ్డ